కొవ్వొత్తి ఆరాక నీళ్లెందుకు లేచాయి?

పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, దాని మీద గాజుగ్లాసు బోర్లిస్తారు. కాసేపటికి మంట ఆరిపోతుంది, పళ్లెంలో నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. బడిలో కళ్లారా చూసినవాళ్లు కొందరైతే, పుస్తకంలో బొమ్మగా మాత్రమే చూసినవాళ్లు ఎక్కువమంది. బొమ్మ కింద నోట్సులో రాసుకున్న మాట మాత్రం అందరికీ ఒకటే. గాలిలో ఐదో వంతు ఆక్సిజన్, అది మండి అయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి అని.

ఒక ఐదో తరగతి గదిని ఊహించుకుందాం. ప్రయోగం చక్కగా జరిగింది. ముందు వరుసలో పిల్ల లేచి నిలబడింది. "టీచర్, ఆక్సిజన్ మంట ఉన్నంతసేపు అయిపోతుంటది గదా. మరి మంట ఉన్నప్పుడు నీళ్లు కదల్లేదు, ఆరినంకనే ఎక్కినయ్. ఎందుకట్ల?"

పిల్ల చూసింది నిజం. తప్పంతా నోట్సుది. మండుతున్న కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లించేటప్పుడు లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది, కొంత బయటికి పోతుంది. గ్లాసు అంచు నీళ్లను తాకాక జాగ్రత్తగా చూస్తే అంచు చుట్టూ బుడగలు కనబడతాయి కూడా. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి ముడుచుకుంటుంది. లోపల ఒత్తిడి తగ్గితే, బయటి గాలి ఒత్తిడి నీళ్లను లోపలికి నెడుతుంది. నీళ్లు లేవడానికి పెద్ద కారణం ఇదే. ఆక్సిజన్ సంగతికొస్తే, అది పూర్తిగా అయిపోయేదాకా మంట ఆగదు. గాలిలో సుమారు 21 శాతం ఉండేది 16 శాతం దగ్గరికి దిగేసరికే కొవ్వొత్తి కొండెక్కుతుంది. పోయిన ఆ కాస్త చోటును కూడా చాలావరకు కార్బన్ డై ఆక్సైడ్ ఆక్రమించుకుంటుంది. అదే గ్లాసు కింద ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెట్టి చూడండి, నీళ్లు ఇంకా పైకి లేస్తాయి. గ్లాసు మారలేదు, అందులో ఆక్సిజన్ వంతూ మారలేదు. మారింది వేడి.

ఇది ఆ టీచరుకు తెలియకపోతే సిగ్గుపడాల్సిందేమీ లేదు. ప్రపంచంలో చాలా భాషల బడి పుస్తకాల్లో ఈ పొరపాటు ఏళ్ల తరబడి అచ్చవుతూ వచ్చింది. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే. ఆ సాయంత్రం ఆవిడ ఈ సందేహాన్ని ఎవరితో చెప్పుకుంటుంది?

మన ఊళ్లలో ప్రాథమిక బడి టీచరంటే సాధారణంగా ఎస్జీటీ. ఇంటర్మీడియట్ తరవాత రెండేళ్ల ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా, ఆపైన డీఎస్సీ. ఒక్కరే తెలుగూ చెబుతారు, లెక్కలూ చెబుతారు, ఇంగ్లీషూ, పరిసరాల విజ్ఞానమూ చెబుతారు. ఇంటర్లో సీఈసీయో హెచ్‌ఈసీయో చదివినవారైతే సైన్సుతో వారి సావాసం పదో తరగతితోనే ముగిసింది. ఇద్దరు టీచర్ల బడిలో ఒకరు సెలవు పెడితే రెండోవారు ఐదు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టుకోవాలి. మధ్యలో భోజనం లెక్కలు, ఫోనులో హాజరు, అప్‌లోడ్ చేయాల్సిన ఫొటోలు. హైస్కూల్లో అయితే పక్క గదిలో ఇంకో సైన్సు మాస్టారు ఉంటారు, విరామంలో టీ తాగుతూ అడగొచ్చు. ప్రాథమిక బడిలో పక్క గదే ఉండకపోవచ్చు.

ఇలాంటి టీచరుకు ఏం ఇవ్వాలని అడిగితే ప్రభుత్వాలకు ముందు తట్టేది పెట్టె. సామగ్రి పంపితే ప్రయోగాలు వాటంతట అవే జరుగుతాయని ఒక నమ్మకం. 1986 జాతీయ విద్యావిధానం తరవాత దేశమంతా ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ వచ్చింది. బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, కొంత బోధనసామగ్రి ఇవ్వాలన్నది దాని లక్ష్యం. ఆ సామగ్రిలోనే ప్రాథమిక సైన్సు కిట్టూ ఒకటి. మా బడికీ వచ్చింది. హెడ్మాస్టరు గారి బీరువా పైన ఉండేది. నేను అక్కడ చదివిన అయిదేళ్లలో దాన్ని దించింది ఒక్కసారే, తనిఖీకి ఎవరో వస్తున్నారని దుమ్ము తుడవడానికి. అప్పుడు కూడా మూత తీయలేదు.

ఎందుకు తీయలేదో పెద్దయ్యాక అర్థమైంది. ఆ పెట్టెలో ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టరులో ఎక్కి ఉంటుంది. భూతద్దం పగిలితే, అయస్కాంతం పోతే, లెక్క అప్పజెప్పాల్సింది మాస్టారే. వాడితే పోతుంది, వాడకపోతే పదిలంగా ఉంటుంది. జీతంలోంచి పట్టుకుంటారేమోనన్న భయం ఉన్నచోట ఎవరైనా పదిలాన్నే ఎంచుకుంటారు. పైగా అయిపోయిన రసాయనం, పగిలిన పరీక్షనాళిక మళ్లీ ఎవరిస్తారో పెట్టెతో పాటు ఎవరూ చెప్పలేదు. కిట్టు పంపడం ఒకనాటి ఖర్చు. నింపుతూ ఉండటం ఏటేటా ఖర్చు. మొదటిదానికి ప్రారంభోత్సవం ఉంటుంది, రెండోదానికి ఉండదు.

పెట్టె లేకుండానే సైన్సు చెప్పొచ్చన్న ఆలోచన కూడా కొత్తదేం కాదు. రెండో ప్రపంచయుద్ధంలో యూరప్‌లో, మరికొన్ని చోట్ల బడులు నేలమట్టమయ్యాయి, ప్రయోగశాలలు బూడిదయ్యాయి. అలాంటి దేశాల సైన్సు ఉపాధ్యాయుల కోసం యునెస్కో 1948లో ఒక చిన్న పుస్తకం తెచ్చింది. ఖాళీ డబ్బాలు, సీసాలు, తీగముక్కలతో పరికరాలు చేసుకోవడమెలాగో అందులో ఉంది. అదే పెరిగి 1956లో పెద్ద ఆకరగ్రంథమైంది, ఎన్నో భాషల్లోకి వెళ్లింది. చవక వస్తువులతో సైన్సు అనే సంప్రదాయానికి అదొక పెద్దమ్మ లాంటిది. అయితే పుస్తకం కూడా ఒక రకం పెట్టే. తెరిచేవారు ఒంటరిగా ఉంటే అదీ బీరువా ఎక్కుతుంది.

మన దేశంలో ఈ ముడిని విప్పబోయి చాలా దూరం వెళ్లినవాళ్లు మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో ఉన్నారు. ఇప్పుడు ఆ జిల్లా పేరు నర్మదాపురం. 1972లో అక్కడ పదహారు మాధ్యమిక బడుల్లో, అంటే మన లెక్కలో ప్రాథమికోన్నత స్థాయిలో, 6 నుంచి 8 తరగతులకు కొత్త పద్ధతిలో సైన్సు చెప్పడం మొదలైంది. మొదలుపెట్టినవి రెండు స్వచ్ఛంద సంస్థలు. ఒకటి అనిల్ సద్గోపాల్ నెలకొల్పిన కిశోర్ భారతి, రెండోది రసూలియాలో క్వేకర్ల ఫ్రెండ్స్ రూరల్ సెంటర్. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, ఢిల్లీ విశ్వవిద్యాలయం అధ్యాపకులు సెలవుల్లో వచ్చి పల్లె మాస్టర్ల పక్కన కూర్చున్నారు. వాళ్లలో తరవాతి కాలంలో దేశమంతా ఎరిగిన యశ్‌పాల్ కూడా ఒకరు. 1978కల్లా జిల్లాలోని మాధ్యమిక బడులన్నిటికీ, అంటే రెండు వందల పైచిలుకు బడులకు పాకింది. 1982లో ఈ పని చూసుకోవడానికే ఏకలవ్య అనే సంస్థ పుట్టింది. గురువు చేర్చుకోకపోతే ఒక్కడే అడవిలో నేర్చుకున్నవాడి పేరు పెట్టుకున్న సంస్థ, టీచర్లను ఒంటరిగా వదలకూడదని అంతగా పట్టుబట్టడం నాకెప్పుడూ చిత్రంగానే తోస్తుంది.

అక్కడ ఏం చేశారన్నది వివరంగా చెప్పుకోదగ్గది. మొదటిది వేసవి శిక్షణ. ఒక్కో తరగతి పాఠాలకు మూడేసి వారాలు. ఉపన్యాసాలు వినడం కాదు, టీచర్లే నలుగురేసి జట్టుగా కూర్చుని, పిల్లలు చేయాల్సిన ప్రతి ప్రయోగాన్నీ తమ చేతులతో చేయాలి. చేతికి తడి తగలని ప్రయోగాన్ని రేపు తరగతిలో ఎవరూ ధైర్యంగా చేయరు. ఎక్కడ గ్లాసు జారుతుందో, ఎక్కడ అగ్గిపుల్ల చాలదో, ఎంతసేపు పడుతుందో చేసి చూస్తేనే తెలుస్తుంది. అలాగే చదువుకున్న శాస్త్రవేత్త నోటినుంచి "నాకూ తెలియదు, చేసి చూద్దాం" అన్న మాట వినడం కూడా ఆ శిక్షణలో భాగమే. మన దగ్గర మాస్టారంటే అన్నీ తెలిసినవాడు. ఆ గౌరవం మంచిదే, కానీ సైన్సు తరగతిలో అదే గుదిబండ. కొవ్వొత్తి పిల్లకు "కూర్చో" అని చెప్పించేది ఆ బండే.

రెండోది నెలనెలా సమావేశం. నాకు ఇందులో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. చుట్టుపక్కల బడుల సైన్సు టీచర్లు నెలకోసారి ఒకచోట కలుస్తారు. అది డ్యూటీ కిందే లెక్క. పోయిన నెల పాఠాల్లో ఏది కుదరలేదు, పిల్లలేం అడిగారు, వచ్చే నెల పాఠంలో ఏ ప్రయోగం ఇబ్బంది పెడుతుంది, ఇవే మాటలు. కుదరని ప్రయోగాన్ని అక్కడికక్కడే మళ్లీ చేసి చూసేవారు. మధ్యలో ఒకరు బడికి వచ్చి తరగతిలో కూర్చుని చూసేవారు. ఆ వచ్చేది తప్పు పట్టే ఇన్‌స్పెక్టరు కాదు, తోటి టీచరో వనరుల బృందంలోని మనిషో. మన వాళ్లకు బడికెవరైనా వచ్చారంటే రికార్డులు సర్దుకోవడమే అలవాటు కనుక ఈ తేడా చిన్నదిగా కనబడొచ్చు. టీచర్లకు అది చిన్నది కాదు.

ఈ మాటల్లోంచే బాల్ వైజ్ఞానిక్ అనే పాఠ్యపుస్తకం పదేపదే మారింది. పూలను విప్పి చూసే పాఠానికి సూదులు కావాలి. కొని పంపాల్సిన పనేముంది, తుమ్మముల్లు చాలదా అన్న ఉపాయం పల్లె అనుభవం నుంచి వచ్చిందే. ప్రయోగశాల సూది పోతే రిజిస్టరులో రాయాలి, ముల్లు పోతే చెట్టు ఇంకొకటి ఇస్తుంది. పూణెలో ట్రక్కుల కంపెనీలో ఇంజనీరుగా ఉన్న అరవింద్ గుప్తా 1978లో సెలవు పెట్టి ఈ ఊళ్లకు వచ్చారు. సంతలో దొరికే సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు కలిపి ఆకారాలు కట్టడం అక్కడే పుట్టింది. మూడు పుల్లల ముక్కోణం నొక్కితే కదలదు, నాలుగు పుల్లల చదరం ఒక పక్కకు వాలిపోతుంది. అంతే ప్రయోగం. ఇంటి పైకప్పు వాసాలు, కరెంటు టవర్లు ముక్కోణాలుగా ఎందుకు కడతారో పిల్లలకు చేతివేళ్లతో తెలిసిపోతుంది. ఆయన ఆ తరవాత చేసిన వందలాది బొమ్మలు, పోగుచేసి ఉచితంగా ఇంటర్నెట్లో పెట్టిన పుస్తకాలు ఈ దేశపు టీచర్లకు పెద్ద ఆస్తి. వాటిలో తెలుగువీ ఉన్నాయి.

ఇంకా రెండు సంగతులు. పిల్లలు తమకు తోచిన ప్రశ్నలు ఉత్తరాలుగా రాస్తే సవాలీరామ్ అనే కల్పిత మనిషి జవాబు రాసేవాడు. టీచరుకు తెలియని ప్రశ్న అక్కడికి పంపొచ్చు, పరువు పోదు. రెండోది పరీక్ష. పుస్తకం దగ్గర పెట్టుకునే రాయొచ్చు, ప్రయోగం చేసి చూపించాలి. ఇది మార్చకపోతే మిగతావన్నీ వృథా. ఏడాదంతా చేతులతో నేర్పి చివరికి నిర్వచనాలు అడిగితే, ఏ టీచరైనా జనవరి నుంచి నిర్వచనాలే చెబుతారు, అందులో వాళ్ల తప్పేం ఉంది?

2002లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని ఆపేసింది. అప్పటికది పదిహేను జిల్లాల్లో వెయ్యి బడుల దాకా నడుస్తోంది. రాష్ట్రమంతా ఒకే పుస్తకం ఉండాలన్నారు, బోర్డు పరీక్షల ఫలితాలు ఎత్తిచూపారు. ముప్పయ్యేళ్లు నడిచిన పని కనుక లోపాలు లేవనలేం. విస్తరించేకొద్దీ పాతకాలపు శ్రద్ధ పల్చబడటం సహజం. కానీ ఆపడానికి ఒక ఉత్తర్వు చాలింది. కట్టడానికి ముప్పయ్యేళ్ల నెలసరి సమావేశాలు పట్టాయి.

తెలుగునాట ఇలాంటిదేమీ జరగలేదనుకుంటే పొరపాటు. 1980లలో బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. పాతతరం టీచర్లు ఇప్పటికీ ఏపీపెప్ అనే అంటారు. కృత్యాలతో చెప్పడం, పిల్లల పనులను గోడలకు అంటించడం, కొన్ని బడులకు కలిపి ఒక ఉపాధ్యాయ కేంద్రం, అక్కడ కలుసుకోవడం అప్పుడు వచ్చినవే. "కృత్యం" అన్న మాట మన టీచర్ల నిఘంటువులో స్థిరపడింది కూడా ఆ కాలంలోనే అనిపిస్తుంది. ఆ తరవాత డీపీఈపీ, మండల వనరుల కేంద్రాలు, క్లస్టర్లు. పేర్లు మారుతూ వచ్చాయి. ఇప్పుడున్నది స్కూలు కాంప్లెక్సు సమావేశం. దాని వెనకున్న ఊహ ఇంకా పాతది. ఒక హైస్కూలు చుట్టూ ప్రాథమిక బడులను ఒక కుటుంబంగా కట్టాలని 1964-66 కొఠారీ కమిషన్ చెప్పింది. అంటే గొట్టం వేసే ఉంది. అందులో నీళ్లు వస్తున్నాయా అన్నదే ప్రశ్న. సమావేశం మొత్తం సర్క్యులర్లు చదవడానికీ, ఫారాలు నింపడానికీ సరిపోతే, కొవ్వొత్తి పిల్ల ప్రశ్న సంచిలోనే ఇంటికి తిరిగి వెళుతుంది.

ప్రభుత్వం బయట కూడా సాయం ఉంది. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక చెకుముకి పత్రికను, చెకుముకి పోటీలను పల్లె బడులదాకా తీసుకెళ్లింది. 1999లో మొదలై కుప్పంలో కేంద్రం పెట్టుకున్న అగస్త్య సంస్థ సైన్సు సామగ్రిని వ్యాన్లలో ఎక్కించి బడి ముంగిటికే పంపింది. వ్యాను వచ్చిన రోజు పిల్లలకు పండగే. వెళ్లిపోయాక వారం సంగతి చూసుకోవాల్సింది మళ్లీ ఆ టీచరే కనుక, వ్యాను పిల్లల కోసమే కాక టీచరు కోసం కూడా ఆగితే దాని విలువ రెట్టింపవుతుందని నా అభిప్రాయం. మహీధర నళినీమోహన్ పిల్లల కోసం రాసిన పుస్తకాలు టీచర్లకు ఇప్పటికీ పనికొస్తాయి. భౌతికశాస్త్రం తెలిసిన మనిషి కథ చెప్పినట్టు రాయడం మన భాషలో అరుదు.

ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్నది ఫోను. 2017లో వచ్చిన దీక్ష వేదికలో వీడియోలున్నాయి, పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడు స్కాన్ చేస్తే తెరుచుకుంటాయి. టీచర్లు ఏటా కనీసం 50 గంటలు తమ వృత్తి నైపుణ్యం పెంచుకోవాలని 2020 విద్యావిధానం అంటోంది. అందులో చాలాభాగం ఆన్‌లైన్ కోర్సులే అయిపోతున్నాయి. వీడియో మీద నాకు పగ లేదు. పువ్వు విచ్చుకోవడాన్ని నిమిషంలో చూపించడం దానికే చేతనవును. కానీ వీడియోలో ప్రయోగం ఎప్పుడూ విఫలం కాదు. మాస్టారి బల్ల మీద మాత్రం అవుతుంది. చివర్లో వచ్చే క్విజ్‌కు నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కి సర్టిఫికెట్ దించుకున్నంత మాత్రాన ఆ విఫలమైన గ్లాసుకు జవాబు రాదు.

టీచరుకు ఇచ్చే పుస్తకం ఎలా ఉండాలో చూడాలంటే ముంబైలోని హోమీ భాభా విజ్ఞానశాస్త్ర విద్యా కేంద్రం తయారుచేసిన స్మాల్ సైన్స్ పుస్తకాలు తిరగేయాలి. ప్రాథమిక తరగతుల కోసం జయశ్రీ రామదాస్ రూపొందించారు. హిందీలో దాని పేరు హల్కా-ఫుల్కా విజ్ఞాన్. పాఠ్యపుస్తకం, అభ్యాసపుస్తకంతో పాటు టీచరుకు ప్రత్యేకంగా ఇంకో పుస్తకం ఉంటుంది. పిల్లలు ఎలాంటి జవాబులు చెప్పే అవకాశముంది, ఆ జవాబు వెనక వాళ్ల ఊహ ఏమిటి, అక్కడినుంచి ఎలా నడపాలి, ఇలా టీచరు భుజం మీద చెయ్యి వేసి మాట్లాడుతుంది. సరైన జవాబుల పట్టిక ఇచ్చే గైడుకూ దీనికీ ఎంత దూరమో చూడండి.

సామగ్రి మాటకొస్తే, మన వంటిళ్లే సగం కిట్టు. దిష్టి తీయడానికి పసుపూ సున్నమూ కలిపితే నీళ్లు ఎర్రబడటం తెలుగు పిల్లలందరూ చూసిందే. అది రసాయనశాస్త్రమని మాత్రం ఎవరూ చెప్పలేదు. పసుపు పూసి ఆరబెట్టిన కాగితం మీద సబ్బునీళ్లు వేస్తే ఎరుపు, దాని మీద నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు. మందారరేకు కాగితానికి రుద్దితే నిమ్మరసానికి ముదురు గులాబీ రంగు, సున్నపునీటికి పచ్చ. ఇక్కడ భాష సంగతి కూడా ఒకటి చెప్పాలి. తెలుగు ఒక పేజీలో, ఇంగ్లీషు ఎదుటి పేజీలో ఉన్న పుస్తకాలు ఇప్పుడు పిల్లల చేతుల్లో ఉన్నాయి. మందారాన్ని విప్పుతున్న పిల్లకు పుప్పొడి తెలుసు. కేసరావళి తెలియదు, ఇంగ్లీషు మాటా తెలియదు. ముందు పుప్పొడి చేతికి అంటనిచ్చి, పేర్లు తరవాత చెప్పాలని టీచరుకు తోచాలంటే, ముందు తన చేతికీ ఆ పుప్పొడి అంటి ఉండాలి.

కాబట్టి అడగాల్సింది పెద్దదేం కాదు. కాంప్లెక్సు సమావేశంలో ఒక గంట సర్క్యులర్లు రాని గంటగా వదిలేస్తే చాలు. ఆ గంటలో ఎవరో ఒకరు తమ బడిలో చెడిపోయిన ప్రయోగాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాలి. పుల్లకు మూడు పెసరగింజలు కట్టి గ్లాసులో నిలబెట్టే ప్రయోగం అందరికీ తెలిసిందే. పై గింజకు గాలి ఉంది, నీరు లేదు. మధ్యదానికి రెండూ ఉన్నాయి. అడుగుదానికి నీరు ఉంది, గాలి లేదు. మధ్యది ఒక్కటే మొలవాలి. కానీ మా బడిలో అడుగున ఉన్నదానికీ మోసు వచ్చిందని ఒక టీచరు చెబుతారు. పిల్లలు నవ్వారట. పుస్తకం తప్పా, మనం తప్పా? హైస్కూలు మాస్టారు ఒకరు, చేపలు నీళ్లలో ఎలా బతుకుతున్నాయో గుర్తుచేస్తారు. కుళాయి నీళ్లలో గాలి కొంత కరిగి ఉంటుంది కదా. అయితే ఒక గ్లాసులో మామూలు నీళ్లు, ఇంకో గ్లాసులో మరిగించి చల్లార్చిన నీళ్లు పోసి, గాలి మళ్లీ కరగకుండా పైన పల్చగా నూనె వేసి, రెండింటి అడుగునా గింజలు పెట్టి చూడాలి. ఎవరి బడిలో వాళ్లు చేసి, ఏం జరిగిందో వచ్చే నెల తీసుకొస్తారు.